థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత గొంతు పోయి, నీళ్ళు పొలమారుతుంటే

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి 48 ఏళ్ళు, పత్తికొండలో టమోటాలు, ఉల్లిగడ్డలు అమ్ముతారు. మెడలో గడ్డ పెరిగిందని కర్నూలులో థైరాయిడ్ మొత్తం తీసేసి 24 రోజులైంది. ఆపరేషన్ మరుసటి రోజు నుంచే మాటలో గాలి తప్ప శబ్దం లేదు. నీళ్ళు తాగితే పొలమారుతోంది. రాత్రయితే గొంతులో గరగర, ఆగని దగ్గు. ‘మెల్లగా వస్తుందిలే’ అని చెప్పి పంపించారు. ఇంట్లోవాళ్ళు గొంతుకు విశ్రాంతి అని గుసగుసగా మాట్లాడమంటున్నారు, రోజుకు మూడుసార్లు మిరియాల కషాయం తాగిస్తున్నారు. గొంతు తిరిగి వస్తుందా, ఎన్నాళ్ళు పడుతుంది, ఈ కషాయాలు పని చేస్తాయా అన్నది మీ ప్రశ్న.

నేను అనంతపురంలో 23 ఏళ్ళుగా స్పీచ్ థెరపిస్టుగా పని చేస్తున్నాను. ఆపరేషన్ తర్వాత గొంతు పోయి వచ్చేవాళ్ళు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందే. అమ్మగారిని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇది వైద్యం కాదు, దారి చూపడం మాత్రమే. కానీ ఒక్క మాట ముందే గట్టిగా చెప్తాను: ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయి కెమెరాతో స్వరతంతువులు, అంటే గొంతులో అదిరి శబ్దం పుట్టించే రెండు మడతలు, చూపించండి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఎందుకంటే మీ అమ్మగారికి ఉన్నవి రెండు వేర్వేరు బాధలు. గొంతు గరగర ఒకటి, గొంతు పోవడం ఇంకొకటి. ఇంట్లో అందరూ మొదటిదానికి మందు వేస్తూ, అదే రెండోదాన్ని కూడా బాగుచేస్తుందని అనుకుంటున్నారు. మనం మింగింది ఏదైనా అన్నవాహికలోకి పోతుంది. స్వరతంతువులు ఉండేది గాలిగొట్టం మొదట్లో. మింగేటప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. తాగిన కషాయం నిజంగా స్వరతంతువులను తాకిందంటే అది పొలమారినట్టే లెక్క. అందుకే కషాయం ఎంత ఘాటుగా కాచినా పోయిన గొంతును తీసుకురాలేదు.

మొదట గొట్టం సంగతి చెప్తాను. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్లలో ఊపిరి కోసం నోట్లోంచి గాలిగొట్టంలోకి ఒక ప్లాస్టిక్ గొట్టం దించుతారు. అది సరిగ్గా రెండు స్వరతంతువుల మధ్య నుంచే పోతుంది. దాని చివర గాలి నింపిన చిన్న బుడగ లోపలి గోడను ఒత్తుకుని ఉంటుంది. అందువల్ల పిత్తాశయం రాళ్ళకు చేసినా, విరిగిన ఎముకకు చేసినా, ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పి, బొంగురు, మింగితే గుచ్చుకోవడం మామూలే. అవి రెండు మూడు రోజుల్లో, ఎక్కువనుకుంటే ఒక వారంలో తగ్గిపోతాయి. మత్తు డాక్టర్లు ‘తగ్గిపోతుందిలే’ అనేది ఈ బాధ గురించే, ఆ మాట నిజమే. కానీ 24 రోజులు దాటాక నెపం గొట్టం మీద వేసి ఊరుకోలేం. కొద్దిమందికి గొట్టం ఒరుసుకున్న చోట కొన్ని వారాలకు చిన్న కండ పెరుగుతుంది. వాళ్ళు ‘గొంతులో ఏదో ఇరుక్కుంది, ఊడి రావడం లేదు’ అంటుంటారు. అదీ కెమెరాలోనే తెలుస్తుంది.

మీ అమ్మగారి విషయంలో నా అనుమానం నరం మీద. పాత ఇళ్ళలో జోడు తలుపులు చూసి ఉంటారు కదా, స్వరతంతువులు అలాంటివి. ఊపిరి పీల్చేటప్పుడు రెండు రెక్కలూ తెరుచుకుంటాయి. మాట్లాడేటప్పుడు దగ్గరికి వచ్చి, కింద నుంచి వచ్చే గాలికి అదురుతాయి. ఆ అదురు ఆడవాళ్ళలో సెకనుకు దాదాపు 200 సార్లు, మగవాళ్ళలో 120 సార్లు. మింగేటప్పుడు మాత్రం గట్టిగా మూసుకుంటాయి. ఒక రెక్కను నడిపే నరం మొద్దుబారితే ఆ రెక్క సగంలో నిలిచిపోతుంది. రెండో రెక్క ఎంత ముందుకు వచ్చినా మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి పైకి పోతే మాట నిలబడదు. అదే సందులోంచి నీళ్ళు కిందికి పోతే పొలమారుతుంది. ఈ రెండూ మీ అమ్మగారికి ఒకేసారి మొదలయ్యాయని రాశారు, నా అనుమానానికి కారణం అదే.

ఈ నరం నడిచే దారి కూడా విచిత్రమైనది. మెదడు అడుగు నుంచి దిగే పెద్ద నరంలో కలిసి గొంతును దాటుకుని కిందికి పోతుంది, అక్కడ మలుపు తిరిగి మళ్ళీ గొంతు దగ్గరికి పైకి వస్తుంది. ఎడమవైపుది ఛాతీలోకి దిగి గుండె నుంచి వచ్చే మహాధమని కింద చుట్టు తిరుగుతుంది, కుడివైపుది భుజానికి పోయే ధమని కింద తిరుగుతుంది. పత్తికొండ నుంచి ఆదోనికి పోవాల్సిన మనిషి కర్నూలు దాకా పోయి తిరిగొచ్చినట్టు. అలా తిరిగి వచ్చే దారిలో అది సరిగ్గా థైరాయిడ్ వెనక నుంచి, గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్య గాడిలోంచి పోతుంది. దారి ఇంత పొడుగు కాబట్టే గుండె ఆపరేషన్ల తర్వాత, ముందువైపు నుంచి చేసే మెడ ఎముకల ఆపరేషన్ల తర్వాత కూడా కొందరికి గొంతు పోతుంది.

ఇక్కడ ఒక మాట. నరం దెబ్బతింది అనగానే ‘కోసేశారు’ అని ఇంట్లో కోపాలు మొదలవుతాయి. చాలామందిలో నరం తెగదు. గడ్డను పక్కకు లాగినప్పుడు సాగుతుంది, రక్తం ఆపడానికి వాడే వేడి తగులుతుంది, తర్వాత చుట్టూ వచ్చే వాపుకు నలుగుతుంది. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళలో 100కు 5 నుంచి 10 మందికి ఇలా తాత్కాలికంగా గొంతు మారుతుంది. శాశ్వతంగా ఉండిపోయేది ఒకరికో ఇద్దరికో. మీ ఆపరేషన్ డాక్టరును మర్యాదగా, నేరుగా అడగండి: ‘నరం కనిపించిందా సార్, చివరికి బాగానే ఉందా?’ అని. డిశ్చార్జ్ కాగితంలో కూడా రాసి ఉండవచ్చు. నరం చెక్కుచెదరలేదని ఆయన చెప్తే గొంతు తిరిగి వచ్చే ఆశ చాలా ఎక్కువ.

ఎన్నాళ్ళంటే, మొద్దుబారిన నరం కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు మేలుకుంటుంది. కొంచెం ఎక్కువ దెబ్బ తగిలితే నరం మళ్ళీ పెరుగుతూ రావాలి. అది రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, కాబట్టి ఆరు నెలలు పట్టవచ్చు. ఏడాది వరకూ మార్పు రావడానికి అవకాశం ఉంటుంది. అందుకే శాశ్వతం అనే మాట ఏడాదిలోపు ఎవరూ తేల్చి చెప్పరు. మీరూ అమ్మగారి ముందు ఆ మాట అనకండి.

మరి అంత కాలం ఎలాగూ ఆగాలి కదా, కెమెరా ఎందుకు అంటారేమో. ఆగడం వేరు, ఏం జరుగుతోందో తెలియకుండా ఆగడం వేరు. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక రెండు వారాల నుంచి రెండు నెలల లోపల గొంతు మారిందా లేదా గమనించి రాసిపెట్టాలని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2013లో మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు ఇప్పుడు ఆ గడువు మధ్యలోనే ఉన్నారు. పరీక్ష పెద్దది కాదు. ముక్కులో మత్తు స్ప్రే కొట్టి, సన్నని తీగలాంటి కెమెరా దించి, ‘ఈ... అనండి’, ‘ఊపిరి పీల్చండి’ అంటారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కొంచెం దగ్గు, కళ్ళలో నీళ్ళు, అంతే. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రులు మూడింటిలోనూ ఈఎన్‌టీ విభాగాలున్నాయి. అమ్మగారు భయపడితే ఈ సంగతి చెప్పండి: 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, ఎండ వెలుగును లోపలికి మళ్ళించి తన స్వరతంతువులు కదలడం తానే చూసుకున్నాడు. మత్తు లేదు, స్ప్రే లేదు. ఈ పరీక్షకు మొదలు అక్కడే. నాకు ఆయనంటే ఎంతో గౌరవం, గొంతుతో బతికే మనిషి గొంతును చూడాలనుకోవడం నాకు బాగా అర్థమవుతుంది.

ఆగకూడని సందర్భాలు కూడా చెప్పాలి. ఊపిరి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు, కూసినట్టు శబ్దం వస్తే, రెండు అడుగులు వేస్తేనే ఊపిరి ఆడకపోతే, రెండు వైపుల నరాలూ మొద్దుబారి రెక్కలు రెండూ తెరుచుకోవడం లేదేమో. అది క్షణాల మీద చూడాల్సిన సంగతి, 108కి ఫోన్ చేయండి. మెడ ఉన్నట్టుండి వాచి బిగిసినా అంతే. పెదాల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం ఉంటే అది గొంతు సంగతి కాదు, కాల్షియం పడిపోవడం. థైరాయిడ్ మొత్తం తీసినవాళ్ళలో ఇది తరచుగా చూస్తాం, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు గుసగుస గురించి. మీ ఇంట్లో జరుగుతున్నవాటిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే.

కొన్నేళ్ళ కిందట ఒక టీచరమ్మ వచ్చారు. మీ అమ్మగారికి జరిగిన ఆపరేషనే. ఎవరో చెప్పారని ఆరు వారాలు గుసగుసగానే మాట్లాడారు, బడిలో కూడా. నా దగ్గరికి వచ్చేనాటికి కెమెరాలో రెండు రెక్కలూ చక్కగా కదులుతున్నాయి. నరం మేలుకుంది. గొంతు మాత్రం రాలేదు. గట్టిగా గుసగుసలాడినప్పుడు స్వరతంతువుల పైన ఉండే కండరాలు బిగుసుకుంటాయి. ఆరు వారాలు అలా బిగించి బిగించి, ఆ బిగింపే ఆమెకు అలవాటైపోయింది. నరం ఇచ్చిన గొంతును అలవాటు నొక్కిపెట్టింది. దాన్ని విడిపించడానికి మాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఆమె ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. ‘చెప్పినట్టే చేశాను కదా మేడమ్’ అనేవారు.

కాబట్టి గుసగుస వద్దు. అలాగని పూర్తి మౌనమూ వద్దు. స్వరతంతువుల మీదే కోసి చేసే ఆపరేషన్లకు కొద్దిరోజులు మౌనం చెప్తారు, అది వేరే లెక్క. నరం బలహీనపడినప్పుడు చిన్న గొంతుతో, వచ్చినంత శబ్దంతో, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడాలి. ఒక ఊపిరికి మూడు నాలుగు మాటలు, ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మూడు నాలుగు. గాలి సందులోంచి కారిపోతుంది కాబట్టి ఒక్క వాక్యానికే ఆయాసం వస్తుంది, అది గుండె బాధేమోనని చాలామంది భయపడతారు. బయట హోరులో మాట్లాడకూడదు. టీవీ ఆపండి, ఫ్యాన్ తగ్గించండి. పక్క గదిలోంచి పిలిచే అలవాటు ఇంట్లో అందరూ మానేయాలి. మీరు పిలిస్తే ఆమె పలకాలని చూస్తుంది, పలకడానికి బిగిస్తుంది.

గొంతు సవరించుకోవడం కూడా గుసగుసంత చెరుపు. ప్రతి ‘ఖ్ఖ్’కూ రెండు రెక్కలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, కొట్టుకున్న చోట వాపు, వాపుకు జిగురు, జిగురు పోవడానికి మళ్ళీ సవరింపు. ఆ దురద వచ్చినప్పుడు ఒక గుటక మింగాలి. తగ్గకపోతే నోరు మూసి మెల్లగా ‘మ్...’ అనాలి. దగ్గు తన్నుకొస్తుంటే ముక్కుతో చిన్నగా పీల్చి వెంటనే మింగడం, ఇలా రెండు మూడుసార్లు. మొదటి రోజు కుదరదు. వారానికి దగ్గు సగం అవుతుంది, చాలామందిలో చూశాను.

ఇక వ్యాయామాలు. కెమెరా పరీక్ష అయ్యాక, ఒక వైపే బలహీనమని తేలాక మొదలుపెట్టండి. నాకు బాగా నమ్మకమున్నది స్ట్రా పద్ధతి. కొబ్బరిబోండాల దగ్గర ఇచ్చే స్ట్రా ఒకటి చాలు. స్ట్రాను పెదాలతో పట్టుకుని, పక్కల నుంచి గాలి పోకుండా, స్ట్రాలోకి ‘ఊ...’ అని సన్నగా పలకాలి. బుగ్గలు ఉబ్బించకూడదు, మెడ నరాలు తేలకూడదు. ముందు ఒట్టి స్ట్రాతో నాలుగైదు రోజులు. పొలమారడం తగ్గాక సగం గ్లాసు నీళ్ళలో స్ట్రాను రెండు వేళ్ళ లోతు ముంచి బుడగలు వచ్చేలా అదే ‘ఊ...’. రోజుకు ఐదుసార్లు, ప్రతిసారీ మూడు నిమిషాలు. ఒకేసారి పావుగంట చేస్తే అలసట తప్ప లాభం లేదు. ఎందుకు పని చేస్తుందంటే, ముందు దారి సన్నగా ఉంటే గాలి వెనక్కి ఒత్తుతుంది. ఆ ఒత్తిడి స్వరతంతువులు పెద్దగా కొట్టుకోకుండానే అదరడానికి సాయపడుతుంది. మెత్తగా, బిగింపు లేకుండా శబ్దం ఎలా ఉంటుందో గొంతుకు మళ్ళీ గుర్తుచేస్తుంది. దాని తర్వాత ‘మ్...’ అంటూ ముక్కు దగ్గర, పెదాల దగ్గర అదురు తెలిసేలా చేయడం. ఆ అదురు మీదే ‘మా, మీ, మూ’, తర్వాత ‘అమ్మ’, ‘మామ’, ‘మన ఊరు’. నేను వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో పిలుచుకునే పేర్లతోనే చేయిస్తాను. మనవరాలి పేరుతో చేయిస్తే కళ్ళలో వెలుగు చూడాలి.

ఫోన్లో వీడియోలు చూసి గోడను నెడుతూ, కుర్చీని ఎత్తుతూ ‘ఆ!’ అని అరిచే వ్యాయామం మాత్రం చేయించకండి. ఒకప్పుడు ఇది నరం పోయినవాళ్ళందరికీ చెప్పేవాళ్ళం, నేనూ చెప్పాను. కొందరికి సరిపోతుంది కానీ, పక్కన ఎవరూ లేకుండా చేస్తే పైకండరాలే బిగుస్తాయి, ఆ టీచరమ్మకు జరిగిందే జరుగుతుంది.

మెరుగవుతోందో లేదో మీ ఫోనే చెప్తుంది. ప్రతి ఆదివారం ఒకే గదిలో, ఫోన్‌ను ఒకే దూరంలో పెట్టి, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టించి రికార్డు చేయండి. తర్వాత పూర్తిగా ఊపిరి పీల్చి ‘ఆ...’ అని ఎన్ని సెకన్లు పట్టగలరో చూడండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు 15 సెకన్లు, ఆపైన పడతారు. సందు మిగిలినవాళ్ళు నాలుగైదు సెకన్లకే ఆగిపోతారు. నాలుగు ఏడవడం, ఏడు పది అవడం నా దగ్గరికి వచ్చేవాళ్ళకు మందు కన్నా ఎక్కువ ధైర్యమిస్తుంది. రోజూ ఒకటే గొంతు వింటున్న మీకు తేడా తెలియదు, నెల కిందటి రికార్డు పెట్టి వింటే తెలుస్తుంది. ఎనిమిది వారాలకు కూడా సెకన్లు కదలకపోతే ఆ రికార్డులు పట్టుకుని మళ్ళీ ఈఎన్‌టీ దగ్గరికి పొండి.

పొలమారడం గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి. మనకు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. ఆ ఆప్యాయత నాకూ ఇష్టమే. కానీ ఆపరేషన్ తర్వాత రోజూ పొలమారుతుంటే దాన్ని అలా నవ్వుతూ పోనివ్వకూడదు. మొదటి సంవత్సరాల్లో కడప వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకు ఫోన్ చేసి, నాన్నకు నీళ్ళు పొలమారుతున్నాయి అంటే, తగ్గుతుందిలే, వచ్చే నెల తీసుకురమ్మన్నాను. వచ్చే నెలకు ముందే జ్వరం, ఊపిరితిత్తుల్లో నిమ్ముతో ఆసుపత్రిలో చేరారు. బతికి బయటపడ్డారు. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా గొంతు కన్నా ముందు నీళ్ళు ఎలా తాగుతున్నారనే అడుగుతాను.

మన దగ్గర చెంబైనా గ్లాసైనా ఎంగిలి కాకుండా తల పైకెత్తి నోట్లో పోసుకుంటాం. తల వెనక్కి వంగితే గాలిగొట్టం దారి బాగా తెరుచుకుంటుంది, నీళ్ళు జారిపోతాయి. అమ్మగారికి సొంత గ్లాసు ఒకటి కేటాయించి, పెదాలకు ఆనించుకుని తాగమనండి. నిటారుగా కూర్చుని, గడ్డం ఎదవైపు వంచి, ఒక చిన్న గుక్క. మింగాక ఇంకోసారి ఒట్టి గుటక. ఏ వైపు రెక్క కదలడం లేదో కెమెరాలో తెలిశాక, మింగేటప్పుడు ఆ బలహీనమైన వైపుకే తల తిప్పితే నీళ్ళు బాగున్న వైపు నుంచి దిగుతాయి. ఎడమ రెక్క కదలకపోతే ఎడమకే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, గుర్తుపెట్టుకోండి.

నీళ్ళలాంటి పల్చటివే ఎక్కువ పొలమారుతాయి. చిక్కటివి నిదానంగా దిగుతాయి, రెక్కలు మూసుకోవడానికి సమయం దొరుకుతుంది. ఈ విషయంలో మన సీమ తిండి దేవుడిచ్చిన వరం. చిక్కటి రాగి జావ, కాస్త జారుగా కలిపిన సంగటి, గడ్డ పెరుగు, మెత్తటి పప్పన్నం అన్నీ ఇప్పటికి సరైనవే. బొరుగులు, ఉగ్గాని, వేయించిన శనిగలు, పొడిపొడిగా రాలేవి కొన్నాళ్ళు ఆపండి. తినేటప్పుడు ఎవరూ మాట్లాడించకండి. దగ్గుతో పాటు జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా, తిన్న తర్వాత గొంతు నీళ్ళల్లోంచి మాట్లాడినట్టు బుడబుడమన్నా, బరువు తగ్గుతున్నా ఇంట్లో ఉంచుకోకండి.

ఇప్పుడు గరగరకు వస్తాను. మిరియాలు, శొంఠి, అల్లం ఘాటుగా కాచి మూడు పూటలా పోస్తే మండుతున్నచోట మంట పెడుతున్నట్టే, పైగా పల్చటి కషాయం పొలమారుతుంది. ఆపేయండి. కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం మా అవ్వ చేసేది, మామూలు దగ్గుకు హాయిగా ఉంటుంది. కానీ అది వగరు, తడి ఆరిపోయేలా చేస్తుంది. ఇప్పుడు మనకు కావలసింది తడి. అతిమధురం గొంతుకు మెత్తగానే ఉంటుంది, అయితే రోజూ మింగితే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది, కాబట్టి బీపీ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు. షుగర్ లేకపోతే చెంచా తేనె మంచిదే. ఉప్పునీళ్ళు పుక్కిలించడం గొంతు పైభాగానికి హాయినిస్తుంది, తల వెనక్కి వంచి గరగరలాడించడం మాత్రం పొలమారేవాళ్ళకు ప్రమాదం. ఆవిరి ఒట్టి నీళ్ళతోనే, ఐదారు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. బామ్ వేస్తే చల్లగా అనిపించినా లోపల ఇంకా గీరుకుంటుంది. గిన్నె ఒళ్ళో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టండి, వేడినీళ్ళు ఒలికి కాలినవాళ్ళను చూశాను.

మన ఎండలకు, పొడిగాలికి గొంతు ఆరిపోవడం తేలిక. రోజంతా గుక్కగుక్కగా రెండు రెండున్నర లీటర్లు పడాలి, జావ, మజ్జిగ కలుపుకునే. గుండె, కిడ్నీ బాధలున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. ఎండుమిరపకాయల తాలింపు వేసేటప్పుడు అమ్మగారు వంటింట్లో ఉండకూడదు. ఆ ఘాటుకు వచ్చే దగ్గు వారం వ్యాయామాన్ని చెరుపుతుంది. ఆదోనిలో పత్తి జిన్నింగుల దగ్గర, తాడిపత్రి, బేతంచెర్ల నాపరాళ్ళ పాలిషు దుమ్ములో పని చేసేవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు కనీసం నెలన్నర పని మార్చుకోమంటాను. సంతలో దుమ్ము కూడా అలాంటిదే, తడి గుడ్డో మాస్కో ఉండాలి.

రాత్రి దగ్గుకు ఇంకో రెండు కారణాలుండవచ్చు. కడుపులో పులుపు పైకి రావడం మొదటిది. రాత్రి కారంకారంగా తిని వెంటనే పడుకుంటే అది గొంతు దాకా వచ్చి కాలుస్తుంది. భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం, తల వైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు. రెండోది బీపీ మాత్ర. పేరు చివర ‘ప్రిల్’ అని ఉండే మాత్రలు, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి, కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. అమ్మగారు అలాంటిది వాడుతుంటే సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్తే మార్చి ఇస్తారు. మింగితే మెడ చర్మం లోపల పట్టి లాగినట్టుంటే అది కుట్ల మచ్చ అతుక్కోవడం. పుండు పూర్తిగా మానాక డాక్టరును అడిగి మచ్చ మీద మెల్లగా మర్దన చేయిస్తే వదులవుతుంది.

థైరాయిడ్ మాత్ర సంగతి కూడా గొంతుకు సంబంధించినదే. ఆ హార్మోను తగ్గితే స్వరతంతువులు ఉబ్బి గొంతు బరువెక్కుతుంది. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, టీ కూడా అరగంట, గంట ఆగాకే. కాల్షియం మాత్ర దానికీ దీనికీ నాలుగు గంటల తేడాతో. రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. ఈ ఒక్క పొరపాటు చాలా ఇళ్ళలో చూస్తాను.

నరం ఆలస్యం చేస్తే దారులున్నాయి. పొలమారడం ఎక్కువగా ఉంటే, లేదా గొంతే బతుకుతెరువు అయితే, కదలని రెక్కలోకి ఇంజెక్షన్‌తో పదార్థం నింపి మధ్యకు జరుపుతారు. కొన్ని నెలలుండి కరిగిపోయే రకం కాబట్టి, నరం కోసం ఎదురుచూస్తూనే చేయించుకోవచ్చు. ఏడాదికీ రాకపోతే మెడలో చిన్న కోతతో లోపల ఒక ముక్క అమర్చి రెక్కను శాశ్వతంగా మధ్యకు తెచ్చే ఆపరేషన్ ఉంది. జపాన్ వైద్యుడు ఇషికి 1974లో దీన్ని వివరించాడు. ఎన్టీఆర్ వైద్య సేవలో మీకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. స్పీచ్ థెరపిస్టును వెతికేటప్పుడు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. వీలుంటే బెంగళూరు మీదుగా మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు పోయినా మంచిదే, 1965 నుంచి వాళ్ళది ఇదే పని.

చివరగా, సంత గురించి మీరు ఒక్క ముక్క రాశారు: ‘అమ్మ కేక వేయకపోతే బేరం లేదు మేడమ్’ అని. ఆ మాట నన్ను పట్టుకుంది. ఇప్పుడు తోపుడుబండ్ల మీద రికార్డు చేసిన గొంతుతో మోగే చిన్న స్పీకర్లు వస్తున్నాయి కదా, ఒకటి కొనండి. ధర పలక మీద సుద్దముక్కతో రాసిపెట్టండి. ‘పత్తికొండ టమోటా, రండి’ అని మీరే రికార్డు చేయండి. కనీసం మూడు నెలలు అమ్మగారు బేరం దగ్గర లెక్క చూసుకుంటూ, పక్కన నిలబడినవాళ్ళతో మెల్లగా మాట్లాడితే చాలు. కెమెరా రిపోర్టు వచ్చాక ఏ వైపు అని రాశారో, ‘ఆ...’ ఎన్ని సెకన్లు వచ్చిందో నాకు రాయండి. దాన్నిబట్టి తర్వాతి వ్యాయామం చెప్తాను.